తెల్లవారితే గురువారం

మా అమ్మ దగ్గర ఒక బటన్ ఫోన్ ఉండేది. అంకెలన్నీ అరిగిపోయి, ఐదు ఎక్కడుందో ఆమె వేలికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. నరసన్నపేటలో మా టెంట్ హౌస్‌కు వచ్చే బుకింగులన్నీ ఆ ఫోన్‌కే వచ్చేవి. నాన్న బండి నడిపేవాడు, గుంజలు పాతేవాడు, షామియానా కట్టేవాడు. ఏ రోజు ఎవరింట కట్టాలో చెప్పేది మాత్రం అమ్మ. ఫోన్ మోగితే "సెప్పండి" అని, తేదీ విని, ఎర్రట్ట డైరీలో ఆ పేజీ తీసి చూసి, "ఉన్నాయి" అనో "నేవు" అనో ఒక్క మాట చెప్పేది. ఆ మాటకు తిరుగులేదు. ముహూర్తం రోజు పొద్దు పొడిచేసరికి పెళ్లివారి వాకిట్లో మా టెంటు నిలబడి ఉంటుందన్నది ఇరవై ఏళ్లుగా ఆమె అందరికీ ఇస్తూ వచ్చిన మాట.

ఆ ఫోన్ నాన్న చేతికి కూడా ఇచ్చేది కాదు. స్నానానికి వెళ్లేటప్పుడు బియ్యం డబ్బా మీద పెట్టి, "మోగితే మోగనీ, మళ్లీ సేస్తారు" అని చెప్పి వెళ్లేది. ఆమె వచ్చేదాకా అది మోగుతూనే ఉండేది, మేం వింటూనే ఉండేవాళ్లం.

నాకు ఆ ఫోన్ కావాలి. ఇప్పుడు చెప్తే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో నా కోరికల్లో అదే పెద్దది.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు నేను విజయనగరంలో ఎంసీఏ ముగించుకుని ఇంటికి వచ్చాను. నాతో చదివినవాళ్లు హైదరాబాదుకో బెంగళూరుకో రైలెక్కారు. నాకు మాత్రం మా గోడౌన్‌లో, బోర్లించిన గుండిగల మధ్య కూర్చుని ఏదో ఒకటి తయారుచేయాలని ఉండేది. ఒకరోజు అన్నం తింటూ ధైర్యం చేసి, బుకింగులు ఇకమీదట నేను చూసుకుంటానన్నాను.

"నీకేటి తెలుసునని?" అంది అమ్మ. "ఏ ఊరికి ఎన్ని కుర్సీలు పట్టుకెళ్లాలో తెలుసునా?"

"తెలీదు. కంప్యూటర్లో పెడితే అదే సెప్తాది."

"కంప్యూటర్ కుర్సీలు మోస్తాదేటి?"

నాన్న చారన్నంలోకి తల దించుకుని నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాను. ఆ పూటే నిర్ణయించుకున్నాను. మా సామానంతా, మా బుకింగులన్నీ, రేపు బండిలో ఏమేం ఎక్కించాలో కూడా చూపించే వెబ్‌సైట్ ఒకటి కడతాను. కట్టి ఆమె ఎదుట పెడతాను. అప్పుడు ఫోన్ ఎలా ఇవ్వదో చూస్తాను.

కట్టడమంటే ముందు పనిముట్లు ఎంచుకోవాలి. నా జీవితంలో అంత సంబరంగా గడిచిన నెల మరొకటి లేదు. ఇంట్లో సిగ్నల్ రాదు కాబట్టి డాంగిల్ తగిలించిన ల్యాప్‌టాప్ పట్టుకుని డాబా మీదికి పోయేదాన్ని. అక్కడ విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు దొంతరగా పడి ఉండేవి. వాటిలో నాలుగు కాళ్లూ ఉన్నదాన్ని వెతుక్కుని కూర్చుని, ఒడిలో ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఏ భాషలో రాయాలి, ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకోవాలి అని గీతలు కొట్టుకుంటూ రాసుకునేదాన్ని. కాలేజీలో జావా చెప్పారు. జావాలో తెరమీద ఒక పేరు కనబడాలంటే నిశ్చితార్థం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పీహెచ్‌పీ కూడా వచ్చు, కానీ పరీక్షల కోసం చదివినది కాబట్టి మొహం మొత్తింది. పైథాన్ మాత్రం నాకు నేనుగా నేర్చుకున్నది. రాసిన లైను రాసినట్టే నడుస్తుంది. తప్పుంటే అక్కడికక్కడే మొట్టికాయ వేస్తుంది. మనిషితో మాట్లాడినట్టుండేది నాకు.

భాష తేలిపోయింది. ఇక ఫ్రేమ్‌వర్క్. అంటే వెబ్‌సైట్‌కి కావలసిన గుంజలూ తాళ్లూ ముందే తయారుచేసి ఇచ్చే సామాను. పైథాన్‌లో అప్పటికి అందరి నోటా రెండు పేర్లు వినిపించేవి, జాంగో ఒకటి, ఫ్లాస్క్ ఒకటి. జాంగో పెద్దది, అందులో లేనిది లేదు. ఫ్లాస్క్ చిన్నది, కావలసినవి మనమే తెచ్చుకుని తగిలించుకోవాలి. విజయనగరం హాస్టల్లో నా గదిలోనే ఉన్న బొబ్బిలి పిల్ల అప్పటికే విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరిపోయింది. దానికి ఫోన్ చేశాను.

"ఒసే, పెద్దది తీసుకో. లాగిన్ ఉన్నాది, అడ్మిన్ ఉన్నాది, అన్నీ అందులోనే ఉన్నాయి. నీకు శ్రమేటి?" అంది.

"అన్నీ ఉన్నాయి గానీ ఏది ఎక్కడున్నాదో నాకు తెలియట్లేదే."

"తెలియకపోతే ఏటి? పని సేస్తాది గదా."

వారం దాంతో, వారం దీంతో కుస్తీ పట్టాను. పెద్దదాంతో మూడు రోజుల్లో సగం సైటు లేచి నిలబడింది, నేను ఎగిరి గంతేశాను. నాలుగో రోజు ఒక చోట తప్పొచ్చి, అది ఎక్కడ పుట్టిందో దొరక్క రెండు రోజులు తల పట్టుకున్నాను. చిన్నదాంతో వారమంతా కష్టపడితే ఒక్క పేజీ వచ్చింది. ఆ పేజీలో "గుండిగలు" అని తెలుగులో, పక్కన వాటి లెక్క కనబడ్డప్పుడు డాబా మెట్లు రెండేసి దిగి వెళ్లి నాన్నకు చూపించాను. ఆయన ల్యాప్‌టాప్ తెరని దూరంగా పట్టుకుని చూసి, "మన గుండిగలేనా?" అని అడిగాడు. మనవే అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు.

ఏది తీసుకోవాలో తేల్చింది మాత్రం అమ్మే, ఆమెకు తెలియకుండా. ఆ వారంలోనే పాతపట్నం వైపు నుంచి ఒక వ్యాపారి పెద్ద పెద్ద గుండిగలు వ్యాన్లో వేసుకుని వచ్చాడు. వాటిలో ఒకటి మరీ ఘనంగా, మెరిసిపోతూ ఉంది. నేను అదే కొందామన్నాను. అమ్మ దాన్ని వంచి చుట్టూ తడిమి చూసి పక్కన పెట్టేసింది.

"ఎంత పెద్దదైతే ఏటి? పట్టుకోడానికి సెవులెక్కడున్నాయో సూడాల" అంది. "ఖాళీగా ఉన్నప్పుడు ఎవులైనా ఎత్తుతారు. నిండుగా, ఉడుకుతున్నప్పుడు దింపాల్సింది మనవే గదా."

నేను డాబా మీదికి వెళ్లి నోటుబుక్కులో జాంగో మీద గీత కొట్టేశాను. జాంగో మంచిది కాదని కాదు. ఉడుకుతున్నప్పుడు దాన్ని ఎక్కడ పట్టుకుని దింపాలో నాకు తెలియదు, అంతే. ఫ్లాస్క్‌లో నేను రాసిన ప్రతి లైనూ నాకు తెలుసు. కనీసం అలా అనుకున్నాను.

రెండు నెలలు పట్టింది. పెళ్లివారు తెచ్చే శుభలేఖో, పంతులు రాసిచ్చిన చీటీయో చూసి ముహూర్తం తేదీ, టైమూ కొడితే చాలు, ఆ బుకింగు ఏ రోజు కిందికి చేరాలో సైటే చేర్చేది. సాయంత్రం మీట నొక్కితే రేపటి బండి లిస్టు వచ్చేది. ఎక్కడో విదేశంలో ఉచితంగా దొరికిన సర్వర్ మీద దాన్ని పెట్టాను. మా ఇంటి గుండిగల లెక్క సముద్రాలు దాటి పోయిందని చెప్తే నాన్న, "తిరిగొస్తాయా?" అని అడిగాడు.

శుభలేఖల భాష ఒకటి నాకు విసుగ్గా ఉండేది. "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం గం. 2.40 ని.లకు" అని రాస్తారు. ఒక టైము చెప్పడానికి రెండు వారాలెందుకో. పంతుళ్ల వరస అనుకుని, చివరి వారాన్ని మాత్రం తీసుకుని గురువారం రెండు నలభై అని కొట్టేదాన్ని. గడియారం ప్రకారం అంతే కదా మరి. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా.

అమ్మ పరీక్ష పెట్టింది. కిందటి వైశాఖం పెళ్లిళ్లన్నీ సైట్లోకి ఎక్కించమంది. డైరీలో పిన్నులు గుచ్చి ఉంచిన శుభలేఖలు చూసి అన్నీ ఎక్కించాను. ఆమె నేలమీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, పేజీ పేజీ తిప్పుతూ, "పదో తారీకు సెప్పు," "పదకొండు సెప్పు" అని అడుగుతూ పోయింది. నేను చదువుతుంటే వేలితో డైరీలో చూసుకుంది. అన్నీ కలిశాయి. ఒక్కటంటే ఒక్కటి తేడా రాలేదు. అర్ధరాత్రి దాటిన ముహూర్తాలు కూడా ఆమె డైరీలో ఏ పేజీలో ఉన్నాయో నా తెరమీదా ఆ పేజీలోనే ఉన్నాయి. గురువారమని కొట్టింది బుధవారం కిందికి ఎలా వెళ్లిందని నేను అడగాలి. అడగలేదు. ఆమె వేలు ముందుకు జరిగిన కొద్దీ నా గుండె గంతులేస్తోంది, అంత వివరంగా చూసే ఓపిక నాకెక్కడిది.

"బాగానే ఉన్నాది" అంది ఆఖరికి. డైరీ మూసి దేవుడి గూటి పక్కన పెట్టింది. "ఈ మాఘం నీ దాంట్లోనే సూద్దాం."

"మరి ఫోనో?"

"ఫోన్ సంగతి మాఘం అయ్యాక."

మాఘం ఇంకా వారం ఉందనగా బొబ్బిలి పిల్లకి నా కోడ్ పంపాను. గొప్ప చెప్పుకోవడానికే పంపాను. సాయంత్రానికి ఫోన్ చేసింది.

"ఒసే, నీ టైములన్నీ ఐదున్నర గంటలు ఎనకున్నాయి. టైమ్‌జోన్ పెట్టనేదేటి నువ్వు?"

చూస్తే నిజమే. సర్వర్ గడియారం మనది కాదు, లండన్ వైపుది. నేను కొట్టిన రెండు నలభై అక్కడికి వెళ్లేసరికి ముందురోజు రాత్రి తొమ్మిదీ పది అయి కూర్చుంటోంది. తెరమీద చూపించేటప్పుడు మళ్లీ మన టైముకి మారిపోతుంది కాబట్టి నాకు కనబడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎంసీఏ చదివి టైమ్‌జోన్ మర్చిపోవడమంటే టెంటు కట్టి తాడు మర్చిపోవడమే. దీనికోసం అందరూ వాడే లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్, ఒకటుందని అదే చెప్పింది. తెచ్చి తగిలించాను. ఒక్క పూటలో టైములన్నీ చక్కబడ్డాయి, అన్నీ మన దేశపు గడియారంలోకి వచ్చేశాయి. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. తప్పు దిద్దుకున్నాక చెప్పడమెందుకనుకున్నాను.

మాఘంలో మొదటి మూడు పెళ్లిళ్లూ రాత్రి తొమ్మిది లోపు ముహూర్తాలే. సాయంత్రం నేను లిస్టు తీయడం, నాన్న బండి ఎక్కించడం, పొద్దు పొడిచేసరికి టెంటు నిలబడడం. నాన్న నన్ను "మేనేజరుగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు.

నాలుగోది సముద్రం ఒడ్డున, వేటకెళ్లేవాళ్ల ఊళ్లో. బుధవారం ఉదయం తొమ్మిదింటికి అమ్మ ఫోన్ మోగింది. ఆ ఫోన్ గొంతు పెద్దది, అవతలివాళ్ల మాట గోడౌన్ చివరికి వినిపిస్తుంది.

"అమ్మా, బండి ఎందాక వచ్చినాది? వంటోళ్లు వచ్చి కూకున్నారు."

"ఏ పెళ్లండి?" అంది అమ్మ.

"మా పిల్ల పెళ్లమ్మా. ఇయ్యాలే గదా."

అమ్మ నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. ఆ పెళ్లి గురువారం కింద ఉంది. గురువారం, తేదీతో సహా, ఎర్రగా మెరుస్తూ ఉంది. నాన్న ఆ ఉదయమే పెద్ద బండి తీసుకుని, అయిపోయిన మరో పెళ్లి సామాను తేవడానికి పాతపట్నం వెళ్లాడు. తిరిగి రావాలంటే మధ్యాహ్నం దాటుతుంది.

"వస్తన్నామండి" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "టెంటులెక్కడున్నాయి?" అని మాత్రం అడిగింది.

ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాను. బయటికెళ్లి తిరిగి రాని సామాను ఏదేది ఎక్కడుందో చూపించే పేజీ ఒకటి ముందే రాసి ఉంచాను, సరదాకి రాసింది. నొక్కాను. ఆ వేటవాళ్ల ఊరికి రెండు కోసుల దూరంలోనే నిన్న ఒక పెళ్లి అయింది. షామియానాలు రెండూ, గుండిగలూ, కుర్చీలూ ఇంకా అక్కడే ఉన్నాయి.

"నిజంగా అక్కడే ఉన్నాయా?"

"అక్కడే ఉన్నాయమ్మా."

ఆమె ఆ పెళ్లివారికి ఫోన్ చేసి, టెంటు విప్పించి ట్రాక్టరుకి ఎక్కించమంది. మేమిద్దరం ఆటోలో బయల్దేరాం. మేం వెళ్లేసరికి ట్రాక్టరు అప్పుడే ఇసుకలోకి దిగుతోంది. ఇసుకలో మేకులు నిలబడవు. బస్తాల్లో ఇసుక నింపి, గోతుల్లో పాతి, వాటికి తాళ్లు కట్టాలి. ఆ ఊరి మగవాళ్లంతా వలలు వదిలేసి వచ్చి పట్టారు. అమ్మ కొంగు బిగించి, నిన్నటి పప్పు అంటుకున్న గుండిగలను చింతపండుతో, ఇసుకతో తనే తోమడానికి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మా ఇద్దరి చేతులూ ఒకే గుండిగలో తిరిగాయి.

టెంటు లేచేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పెళ్లికూతురి మామ్మ ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని ఉంది. పక్కనే పసుపు రాసుకున్న పిల్ల, కొంగు నెత్తిమీద కప్పుకుని ఎండకు కళ్లు చిట్లించుకుంటోంది. మామ్మ అమ్మను పిలిచింది.

"ఏటమ్మా ఇది? నీ మాట మీదే గదా మేం ఇంకెక్కడా అడగనేదు."

ఇరవై ఏళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. నా వైపు వేలు చూపిస్తే సరిపోయేది. నా కూతురు కంప్యూటర్లో పెట్టిందమ్మా అంటే అయిపోయేది.

"తప్పు మాదేనమ్మా" అంది మా అమ్మ.

నాకు ఏడుపొచ్చింది. పైకి రానీయలేదు, ఎందుకంటే వస్తే అది కూడా ఆమే చూసుకోవాలి.

భోజనాలు రెండు గంటలు ఆలస్యంగా మొదలయ్యాయి. పెళ్లి ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను శుభలేఖ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అందులో ఉన్నది ఉన్నట్టే ఉంది, బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం. ఇక ఉండబట్టలేకపోయాను.

"అమ్మా, రెండు నలభై అంటే గురువారమే గదా. పన్నెండు దాటితే రోజు మారిపోయినట్టే గదా."

అమ్మ నన్ను వింతగా చూసింది. "తెల్లారకుండా రోజెలగ మారతాదే?" అంది. "పన్నెండుకి ఎవులు లెగిసి సూస్తారు మారిందని?"

తర్వాత తనే మళ్లీ అంది. "రాసింది నాకు గుర్తుంటాది. రాయంది ఉండదు. డైరీ మూసీసినప్పుడే బుర్ర కూడా మూసీసినాను. నీది ఒక్కదానిదే తప్పు కాదు."

మర్నాడు ఆమె దేవుడి గూటి పక్కనుంచి ఎర్రట్ట డైరీ తీసింది. ఫోన్ నా చేతికి రావడమన్న ఆశ నేను వదిలేసుకున్నాను. అయినా ఒక ప్రశ్న మాత్రం మెదడులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. టైములు తప్పుగా ఉన్నప్పుడు వైశాఖం మొత్తం కలిసింది. టైములు సరిచేశాక తప్పింది. ఇదెక్కడి విడ్డూరం?

నోటుబుక్కు తీసి గీత గీశాను. ఇటు మన గడియారం, అటు సర్వర్ గడియారం. దానికి అర్ధరాత్రి అయ్యేసరికి మనకెంత? ఐదున్నర. తెల్లవారుజాము ఐదున్నర.

కుర్చీలోంచి లేచిపోయాను. ఆ కుర్చీకి ఉన్న నాలుగో కాలు కూడా అప్పుడే విరిగింది. సర్వర్‌కి తేదీ మారేది మా నరసన్నపేటలో తెల్లవారేటప్పుడు! టైమ్‌జోన్ మర్చిపోయిన నా సైటు, దానికి తెలియకుండానే, మా అమ్మ లెక్క ప్రకారం రోజులు పెడుతూ వచ్చింది. బుధవారం రాత్రి రెండు నలభైని బుధవారంలోనే ఉంచింది. నేను సిగ్గుపడి దిద్దిన రోజునుంచే అది తప్పులు చేయడం మొదలుపెట్టింది. బొబ్బిలి పిల్లకి ఫోన్ చేసి ఒక్క ఊపులో చెప్పేశాను. అది నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

లైబ్రరీ పీకేసి పాతదే మళ్లీ పెట్టి, కిందటి ఏడాది పెళ్లిళ్లన్నీ ఎక్కించాను. అమ్మ ముందు కూర్చున్నాను. ఆమె డైరీ తెరిచి, ఈసారి కిందటి మాఘం పేజీలు అడగడం మొదలుపెట్టింది. రెండు నలభైలు, మూడు పదులు, అన్నీ కలుస్తున్నాయి. నాకు మళ్లీ గంతులేయాలనిపిస్తోంది. అంతలో ఆమె వేలు ఆగింది.

"ఇది గురువారానికెల్పోయింది."

ముహూర్తం తెల్లవారుజాము ఐదూ నలభై ఎనిమిది. "ఐదున్నర దాటిపోయింది కదమ్మా" అన్నాను.

"మాఘంలో ఐదున్నరకి పొద్దు పొడుస్తాదేటి?" అంది. "వైశాఖం కాదిది. సలికి సూరీడు కూడా ఆలీసంగా లెగుస్తాడు."

అప్పుడర్థమైంది నాకు. వైశాఖం మీద మాత్రమే పరీక్ష పెట్టడం వల్ల నా పొరపాటు గట్టెక్కింది. సర్వర్ గడియారానికి మాఘమూ వైశాఖమూ ఒకటే, మా అమ్మకు కాదు. అరువు తెచ్చిన సామాను, ఆ లైబ్రరీ, సర్వర్ గడియారం రెండూ పక్కన పెట్టేశాను. గోడకున్న పంచాంగం క్యాలెండర్ కిందికి దించాం. ఆమె ఏ రోజు ఎన్నింటికి సూర్యోదయమో చదువుతూ పోయింది, నేను కొడుతూ పోయాను. మూడు రోజులు పట్టింది. ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనూ దొరకని లైన్లు పదకొండు రాశాను. ఆ ముక్కకి పేరు పెట్టమంటుంది పైథాన్. "తెల్లారిందా" అని పెట్టాను. ముహూర్తం టైము ఇచ్చి ఆ రోజు తెల్లారిందా అని అడిగితే, లేదంటే ముందురోజు కింద, అవునంటే ఆ రోజు కింద పెడుతుంది.

మళ్లీ మొదటి పేజీ నుంచి అడిగింది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం. చివరి పేజీ కూడా కలిశాక డైరీ మూయలేదు. కొత్త పేజీ తీసి కలం పక్కన పెట్టుకుంది.

"నేను రాసుకుంటాను, నువ్వూ కొట్టుకో" అంది. సరేనన్నాను. అంతకన్నా అడిగే మొహం నాకు లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆమె చేతులు ఖాళీగానే ఉన్నాయి. నడుం దగ్గరనుంచి ఫోన్ తీసి, ఒకసారి చూసి, నా ల్యాప్‌టాప్ మీద పెట్టింది.

"ఎత్తు."

ఏ మీట నొక్కాలో కూడా తెలియలేదు. రెండో ప్రయత్నానికి దొరికింది.

"సెప్పండి" అన్నాను.

"టెంటు కావాలమ్మా. మా అబ్బాయి పెళ్లి. బుధవారం రాత్రి ముహూర్తం."

"తెల్లవారితే గురువారమా అండీ?"

"అవునమ్మా, మూడు గంటలకి. మీ సామాను ఉన్నాదా?"

తెర చూశాను. "ఉన్నాయి" అన్నాను.

అవతలి మనిషికి అనుమానం వచ్చింది. "అమ్మగారేనా మాటాడతన్నాది?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే డైరీలో బుధవారం పేజీ తీసి రాసుకుంటోంది. తలెత్తకుండానే, "అవునను" అంది.